తక్కువ రక్తపోటు: ఎప్పుడు పడిపోతోందో గమనించడం, పడిపోకుండా చూసుకోవడం

రక్తపోటు కొలిచినప్పుడు పై అంకె 90 కంటే గాని, కింది అంకె 60 కంటే గాని తక్కువగా ఉంటే దానిని తక్కువ రక్తపోటు అంటారు. వాడుకలో దీన్నే లో బీపీ అంటున్నాము. గుండె ముడుచుకుని రక్తాన్ని ధమనుల్లోకి నెట్టేటప్పుడు ఉండే ఒత్తిడి పై అంకె. గుండె సడలి మళ్లీ రక్తంతో నిండుతున్నప్పుడు ఉండే ఒత్తిడి కింది అంకె. రెండింటినీ పాదరసం మిల్లీమీటర్లలో చెబుతారు. ఈ 90/60 అనే గీత ఒక అంచనాకు పనికివస్తుందే తప్ప, దాని కింద ఉన్నవారంతా రోగులనీ, పైన ఉన్నవారంతా క్షేమంగా ఉన్నారనీ దాని అర్థం కాదు. క్రమం తప్పకుండా వ్యాయామం చేసేవారిలో, సహజంగా సన్నగా ఉండే యువతులలో 88/58 వంటి అంకెలు ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ లేకుండా కనిపిస్తాయి. అందుకు భిన్నంగా, ఎప్పుడూ 160 దగ్గర ఉండే పెద్దవయసు మనిషికి పై అంకె ఒక్కసారిగా 110కి దిగితే, చూడటానికి అది చక్కని అంకెగానే ఉన్నా, కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంటుంది.

కాబట్టి మొదట గ్రహించవలసిన విషయం ఇది. అధిక రక్తపోటులో బాధ ఏదీ తెలియకపోయినా అంకెను తగ్గించడానికే చికిత్స చేస్తారు, ఎందుకంటే ఆ అంకె మెల్లమెల్లగా గుండెను, మెదడును, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. తక్కువ రక్తపోటులో అలా కాదు. బాధ లేకుండా ఎప్పటినుంచో తక్కువగా ఉన్న అంకెకు చికిత్స అవసరం లేదు. బాధ కలిగించే పతనానికి, ఆ పతనం వెనుక ఉన్న కారణానికి మాత్రమే చికిత్స కావాలి. ఈ తేడా తెలియకనే ఎంతోమంది తమ నీరసానికంతటికీ లో బీపీయే కారణమని తీర్మానించుకుని ఉప్పు ఎక్కువగా తింటూ కాలం గడిపేస్తున్నారు. ఆ నీరసం వెనుక రక్తహీనతో, థైరాయిడ్ లోపమో, మానసిక కుంగుబాటో, నిద్రలేమో ఉంటే అది అలాగే మరుగున పడి ఉంటుంది.

ఒత్తిడి ఎలా నిలబడుతుంది

నాళాలలో తగినంత రక్తం ఉండటం, గుండె దానిని తగినంత వేగంతో, బలంతో నెట్టడం, నాళాల గోడలు తగినంత బిగువుగా ఉండటం అనే మూడింటి మీద రక్తపోటు ఆధారపడి ఉంటుంది. వీటిలో ఏది తగ్గినా మిగిలిన రెండూ పెరిగి సర్దుబాటు చేస్తాయి. ఆ సర్దుబాటు చాలనప్పుడే ఒత్తిడి పడిపోతుంది.

మనిషి పడుకున్న స్థితి నుంచి లేచి నిలబడగానే సుమారు అర లీటరు నుంచి ముప్పావు లీటరు వరకు రక్తం కాళ్లలోకి, పొత్తికడుపు నాళాలలోకి దిగుతుంది. ఆ మేరకు గుండెకు తిరిగివచ్చే రక్తం తగ్గుతుంది. మెడలోని ధమనుల వద్ద, గుండె నుంచి బయలుదేరే మహాధమని వంపులో ఉండే ఒత్తిడి గ్రాహకాలు ఈ మార్పును క్షణాలలో పసిగట్టి మెదడుకు తెలియజేస్తాయి. మెదడు నరాల ద్వారా గుండె వేగాన్ని పెంచి, నాళాలను బిగిస్తుంది. ఆరోగ్యవంతులలో ఇదంతా తెలియకుండానే జరిగిపోతుంది. రక్తం పరిమాణం తగ్గినా, నరాలు బలహీనపడినా, మందులు నాళాలను సడలించినా ఈ ఏర్పాటు వెనుకబడుతుంది. అప్పుడు మెదడుకు రక్తం చాలక తల తేలిపోయినట్లు ఉండటం, కళ్లు బైర్లు కమ్మడం, మాటలు దూరంగా వినిపించడం, మనసు నిలవకపోవడం వంటివి మొదలవుతాయి. మెడ వెనుక, భుజాల మీద నిలబడినప్పుడు మాత్రమే వచ్చి పడుకోగానే పోయే నొప్పి కూడా ఒక ఆనవాలే. దాన్ని చాలామంది మెడ ఎముకల అరుగుదలగా పొరబడతారు.

సరిగా కొలవడం

తప్పుగా కొలిచిన అంకె మీద తీసుకున్న నిర్ణయం తప్పే అవుతుంది. కొలవడానికి అరగంట ముందు నుంచి కాఫీ, టీ, పొగ, వ్యాయామం మానాలి. మూత్రవిసర్జన చేసి వచ్చి, వీపు ఆనించి, పాదాలు నేలమీద పెట్టి, ఐదు నిమిషాలు మౌనంగా కూర్చోవాలి. పట్టీ చుట్టిన చేయి గుండె ఎత్తున బల్ల మీద ఆని ఉండాలి. చేయి గుండె కంటే పైన ఉంటే అంకె తక్కువగా, వేలాడుతుంటే ఎక్కువగా వస్తుంది. పట్టీ చేతికి మరీ పెద్దదైనా అంకె తక్కువగా వస్తుంది, మరీ చిన్నదైతే ఎక్కువగా వస్తుంది. సన్నని చేతులున్నవారిలో లో బీపీ అని రాసిన కొన్ని అంకెలకు అసలు కారణం ఆ పెద్ద పట్టీయే అయి ఉండవచ్చు. మొదటిసారి రెండు చేతులకూ కొలిచి, ఏ చేతిలో ఎక్కువగా ఉందో ఇకముందు ఆ చేతికే కొలవడం మంచిది. గుండె లయ తప్పి కొట్టుకునేవారిలో ఇంట్లో వాడే యంత్రాల అంకెలు నమ్మదగినవిగా ఉండకపోవచ్చు; వారు వైద్యుని చేత కొలిపించుకోవాలి.

అయితే కూర్చోబెట్టి కొలిచిన ఒక్క అంకెతో తక్కువ రక్తపోటు సంగతి తేలదు. చాలామందికి కూర్చున్నప్పుడు అంకె సవ్యంగానే ఉంటుంది, నిలబడినప్పుడే పడిపోతుంది. అందువల్ల నిలబడి కొలిచే పరీక్ష ఒకటి తప్పక చేయాలి. ఇది ఇంట్లోనూ చేసుకోవచ్చు, కానీ పక్కన మరొకరు ఉండాలి. ఐదు నిమిషాలు వెల్లకిలా పడుకుని రక్తపోటు, నాడి వేగం కొలిచి రాసుకోవాలి. తరువాత లేచి నిలబడి, ఒక నిమిషం గడిచాక ఒకసారి, మూడు నిమిషాలు గడిచాక మరొకసారి కొలవాలి. కొలుస్తున్నంతసేపూ చేతిని గుండె ఎత్తున ఎవరైనా పట్టుకుని ఉండటం మంచిది. కళ్లు తిరుగుతున్నట్లనిపిస్తే పరీక్ష ఆపి వెంటనే పడుకోవాలి. మూడు నిమిషాలలోపు పై అంకె 20 గాని, కింది అంకె 10 గాని, అంతకంటే ఎక్కువగా గాని పడిపోతే, దానిని నిలబడినప్పుడు పడిపోయే రక్తపోటుగా నిర్ధారిస్తారు.

ఆ సమయంలో నాడి ఏమైందన్నది కూడా అంతే ముఖ్యం. ఒత్తిడి పడిపోయినా నాడి గట్టిగా పెరిగితే ఒంట్లో నీరు, రక్తం తగ్గి ఉండవచ్చు. ఒత్తిడి బాగా పడిపోయినా నాడి దాదాపు కదలకపోతే, సర్దుబాటు చేయవలసిన నరాలే దెబ్బతిన్నాయన్న అనుమానం బలపడుతుంది. చాలాకాలంగా మధుమేహం ఉన్నవారిలో, వణుకు వచ్చి కదలికలు మందగించే పార్కిన్సన్స్ వ్యాధి ఉన్నవారిలో ఈ రెండవ తీరు కనిపించవచ్చు. గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ మందులు వాడేవారిలో, పేస్‌మేకర్ ఉన్నవారిలో మాత్రం నాడిని బట్టి ఇలా అనుకోవడానికి వీలులేదు. ఒత్తిడి ఏమాత్రం పడకుండా, పది నిమిషాలలోపు నాడి మాత్రమే 30 లేదా అంతకంటే ఎక్కువ పెరిగి దడ, తల తేలిపోవడం కలిగితే అది వేరే సమస్య. దాన్ని లో బీపీగా భావించకుండా వైద్యునికి చూపించుకోవాలి.

ఒక వారం పాటు ఉదయం నిద్ర లేవగానే, మధ్యాహ్న భోజనం తరువాత గంటకు, రాత్రి పడుకునే ముందు కొలిచి, ఏ మందు ఎప్పుడు వేసుకున్నదీ, తల తిరిగినది ఎప్పుడో పక్కనే రాసి ఉంచుకుంటే, ఆ ఒక్క కాగితం వైద్యునికి ఎన్నో ప్రశ్నలకు జవాబు ఇస్తుంది.

కారణం వెతకడం

మొదట చూడవలసినవి మందులు. నిజానికి పెద్దవారిలో సరిదిద్దడానికి అన్నిటికంటే తేలికైన కారణం ఇదే. మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మాత్రలు, అధిక రక్తపోటుకు వాడే మందులు, ప్రోస్టేట్ గ్రంథి వాపుకు ఇచ్చే టామ్సులోసిన్, ప్రాజోసిన్ వంటివి, ఛాతీ నొప్పికి వాడే నైట్రేట్లు, కొన్ని రకాల మానసిక చికిత్స మందులు, పార్కిన్సన్స్ వ్యాధికి వాడే లెవోడోపా, ఇవన్నీ రక్తపోటును తగ్గించగలవు. నైట్రేట్లు వాడుతున్నవారు సిల్డెనాఫిల్ వంటి లైంగిక సామర్థ్య మాత్రలు వేసుకుంటే ఒత్తిడి ప్రాణాపాయ స్థాయికి పడిపోవచ్చు, కాబట్టి ఆ రెండింటినీ ఎన్నడూ కలపకూడదు. వేర్వేరు వైద్యులు వేర్వేరు కాలాలలో రాసిన మందులన్నీ ఒకేచోట చేరినప్పుడు ఏ ఒక్కటీ తప్పు కాకపోయినా అన్నీ కలిసి మనిషిని కింద పడేస్తాయి. వాడుతున్న మందులన్నింటి పట్టికను ఒకే వైద్యునికి చూపించి మోతాదులు, వేళలు సరిచూపించుకోవాలి. కానీ సొంతంగా ఏ మందునూ హఠాత్తుగా ఆపకూడదు. ముఖ్యంగా బీటా బ్లాకర్లను ఒక్కసారిగా ఆపితే గుండెకు ముప్పు.

రెండవది ఒంట్లో నీరు తగ్గడం. వాంతులు, విరేచనాలు, జ్వరం, ఎండ, తగినంత తాగకపోవడం దీనికి కారణాలు. పెద్ద వయసులో దాహం మందగిస్తుంది కనుక దాహం వేసినప్పుడే తాగుదామనుకుంటే చాలదు. నల్లగా జిగటగా విరేచనం అవుతున్నా, నెలసరిలో రక్తస్రావం మితిమీరుతున్నా, ఒంట్లో రక్తం తగ్గిపోతోందని అనుమానించి వెంటనే పరీక్ష చేయించుకోవాలి.

మిగిలిన కారణాలలో గుండె నిదానంగా కొట్టుకోవడం, గుండె కవాటాలు ఇరుకు కావడం, గుండె పంపింగ్ బలహీనపడటం, థైరాయిడ్ లోపం ఉన్నాయి. బరువు తగ్గుతూ, చర్మం నల్లబడుతూ, ఉప్పు తినాలన్న కోరిక పెరుగుతూ ఉంటే మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథుల లోపం ఉందేమో చూడాలి. ఇది అరుదైనదే అయినా, గుర్తించకపోతే ప్రాణం మీదికి వస్తుంది. గర్భం ధరించిన మొదటి ఆరు నెలలలో రక్తపోటు కొంత తగ్గడం సహజం. నెలలు నిండుతున్నప్పుడు వెల్లకిలా పడుకుంటే గర్భాశయం పెద్ద సిరను నొక్కి ఒత్తిడి పడిపోతుంది కనుక ఎడమవైపు తిరిగి పడుకోవాలి.

కొందరికి రక్తం చూసినా, సూది వేసినా, ఉక్కపోతలో ఎక్కువసేపు కదలకుండా నిలబడినా స్పృహ తప్పుతుంది. ఇక్కడ నరాలు దెబ్బతినలేదు; అవి ఒక్కసారిగా తప్పు ఆదేశం ఇచ్చి గుండెను నెమ్మదింపజేసి, నాళాలను సడలిస్తాయి. ముందుగా ముఖం పాలిపోవడం, చెమట, వికారం, ఆవలింతలు వస్తాయి. యువతలో స్పృహ తప్పడానికి తరచుగా కనిపించే కారణం ఇదే. ఇది సాధారణంగా ప్రాణాంతకం కాదు గాని పడిన చోట దెబ్బ తగలవచ్చు.

ఆలస్యం చేయకూడని సందర్భాలు

తక్కువ రక్తపోటుతో పాటు చర్మం చల్లబడి చెమటతో తడవడం, శ్వాస వేగంగా ఆడటం, నాడి పలుచగా పరుగెత్తడం, మూత్రం బాగా తగ్గిపోవడం, మనిషి తికమకపడటం కనిపిస్తే అది షాక్ స్థితి, అంటే అవయవాలకు రక్తం చాలని ప్రమాద స్థితి. తీవ్రమైన ఇన్ఫెక్షన్, అధిక రక్తస్రావం, గుండెపోటు, మందు లేదా తేనెటీగ కుట్టడం వల్ల వచ్చే తీవ్రమైన అలర్జీ దీనికి దారితీయగలవు. ఇటువంటప్పుడు ఇంట్లో ఉప్పునీళ్లు కలిపి ఇస్తూ కూర్చోకూడదు, అంబులెన్స్ పిలవాలి. ఛాతీ నొప్పి, ఊపిరాడకపోవడం, మాట తడబడటం ఉన్నా, వ్యాయామం చేస్తుండగా గాని, ముందస్తు సూచన ఏదీ లేకుండా గాని స్పృహ తప్పినా, కుటుంబంలో చిన్న వయసులో హఠాన్మరణాలు జరిగినవారు స్పృహ తప్పినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఈ చివరి మూడు సందర్భాలలో తప్పు రక్తపోటుది కాకుండా గుండె లయది అయి ఉండే అవకాశం ఉంది.

రోజువారీ జాగ్రత్తలు

నిలబడినప్పుడు ఒత్తిడి పడిపోయేవారికి రోజులో కష్టమైన సమయం ఉదయం. రాత్రంతా నీరు తాగకుండా, మూత్రం పోతూ, పడుకుని ఉన్న శరీరం అప్పుడే లేస్తుంది. కాబట్టి మంచం దిగక ముందే పడుకున్న చోటనే పాదాలను పదిహేను ఇరవై సార్లు పైకీ కిందికీ ఆడించి, పిక్కలు బిగించి వదిలి, లేచి మంచం అంచున రెండు నిమిషాలు కూర్చుని, ఏదైనా పట్టుకుని నిలబడి, తల తేటగా ఉందని తెలిశాకే అడుగు వేయాలి. రాత్రివేళ మూత్రానికి లేచిన పురుషులు కూర్చుని మూత్రవిసర్జన చేయడం మంచిది, ఎందుకంటే నిద్రమత్తులో నిలబడి మూత్రం పోసేటప్పుడు స్పృహ తప్పి పడిపోయి తల పగిలినవారు ఉన్నారు. దారిలో చిన్న దీపం, పట్టుకోవడానికి గోడకు కడ్డీ ఉంటే ఎంతో మేలు.

నీరు ఇక్కడ ఆహారం మాత్రమే కాదు, ఔషధం కూడా. నరాల బలహీనత వల్ల ఒత్తిడి పడిపోయేవారు అర లీటరు చల్లని నీటిని మూడు నాలుగు నిమిషాలలో తాగితే, కొద్ది నిమిషాలకే ఒత్తిడి పెరగడం మొదలై, సుమారు అరగంటకు పతాక స్థాయికి చేరి, గంటకు పైగా నిలుస్తుంది. లేవడానికి కాస్త ముందు పక్కనే ఉంచుకున్న నీటిని తాగడం, ఎక్కువసేపు నిలబడవలసిన పనికి ముందు తాగడం అందుకే ఉపయోగం. గుండె వైఫల్యం, మూత్రపిండాల జబ్బు ఉండి నీటి పరిమితి విధించబడినవారు మాత్రం ఈ పని వైద్యుని అడగకుండా చేయకూడదు.

ఉప్పు విషయంలో మరింత జాగ్రత్త కావాలి. ఉప్పు శరీరంలో నీటిని నిలిపి రక్తం పరిమాణాన్ని పెంచుతుంది కనుక కొందరికి వైద్యులే దాన్ని పెంచమని చెబుతారు. అయితే పెద్దవారు రోజుకు 5 గ్రాముల కంటే తక్కువ ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తోంది, చాలామంది ఇప్పటికే అంతకంటే ఎక్కువ తింటున్నారు. అధిక రక్తపోటు, గుండె, మూత్రపిండాల జబ్బులు ఉన్నవారికి అదనపు ఉప్పు హానికరం. ఒక్కసారి కొలిచిన అంకెను చూసి ఉప్పు పెంచడం సరైన పని కాదు.

భోజనం తరువాత నిద్ర ముంచుకొచ్చి తల తిరిగేవారు, తిన్న రెండు గంటలలోపు పై అంకె 20 గాని, అంతకంటే ఎక్కువగా గాని పడిపోతోందేమో చూసుకోవాలి. జీర్ణక్రియ కోసం పేగులకు రక్తం ఎక్కువగా మళ్లడం దీనికి కారణం. త్వరగా జీర్ణమయ్యే పిండిపదార్థాలు, తీపి తగ్గించి, రెండు పెద్ద భోజనాలను నాలుగైదు చిన్న భోజనాలుగా విడగొట్టి, తిన్న వెంటనే లేచి పనిలోకి దిగకుండా కొంతసేపు కూర్చుంటే ఉపశమనం కలుగుతుంది. మద్యం నాళాలను సడలిస్తుంది, నీటిని బయటికి పంపుతుంది. దీన్ని మానడమే మేలు. బాగా వేడి నీళ్ల స్నానం, ఆవిరి స్నానం కూడా నాళాలను సడలించేవే.

నిలబడి ఉండగా కళ్లు బైర్లు కమ్మడం మొదలైతే చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి. ఇవి సాధన చేసి ఉంచుకుంటే అవసరానికి తోస్తాయి. ఒక కాలిని మరొక కాలికి అడ్డంగా మెలివేసి తొడలను, పిరుదులను, పొట్టను గట్టిగా బిగించాలి. లేదా రెండు చేతుల వేళ్లను ఒకదానితో ఒకటి పెనవేసి విడదీస్తున్నట్లు బలంగా లాగాలి. వీలైతే మోకాళ్లు ముడిచి గొంతుకు కూర్చోవాలి. కండరాలు సిరలను నొక్కి కిందికి చేరిన రక్తాన్ని, తడిగుడ్డను పిండినట్లు, పైకి పంపుతాయి. ఇవి చేసినా తగ్గకపోతే సంకోచించకుండా ఉన్న చోటనే పడుకోవాలి. నలుగురిలో పడుకోవడానికి సిగ్గుపడి నిలబడే ప్రయత్నం చేసేవారే ఎక్కువగా గాయపడతారు.

ఎవరైనా స్పృహ తప్పితే వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్లు కాస్త ఎత్తి, బిగుతు దుస్తులు వదులు చేయాలి. పూర్తిగా తెలివి వచ్చేదాకా నోట్లో నీళ్లు పోయకూడదు, లేపి కూర్చోబెట్టకూడదు. ఒకటి రెండు నిమిషాలలో తెలివి రాకపోతే అంబులెన్స్ పిలవాలి. ఊపిరి ఆడకపోతే అంబులెన్స్ పిలిచి వెంటనే ఛాతీ నొక్కుళ్లు మొదలుపెట్టాలి.

బిగుతు మేజోళ్లు ఉపయోగపడతాయి గాని, మోకాలి వరకే ఉండేవి అంతగా పనిచేయవు. రక్తం ఎక్కువగా చేరేది తొడలలో, పొత్తికడుపులో కనుక నడుము వరకు ఉండేవి, లేదా పొట్ట చుట్టూ కట్టే బిగుతు పట్టీ మంచివి. పడుకునే ముందు వాటిని తీసేయాలి. కాళ్ల ధమనులలో రక్తప్రసరణ తగ్గినవారు వాటిని వైద్యుడు చెబితే తప్ప వాడకూడదు. మంచం తలవైపు కాళ్ల కింద దిమ్మలు పెట్టి సుమారు 15 సెంటీమీటర్లు ఎత్తితే రాత్రి మూత్రం ద్వారా నీరు, ఉప్పు పోవడం తగ్గి, ఉదయం నిలబడటం తేలికవుతుంది. తలగడలు పేర్చితే నడుము మాత్రమే వంగుతుంది, ఆ ఫలితం రాదు. కళ్లు తిరుగుతాయన్న భయంతో మంచానికే పరిమితమైతే సర్దుబాటు శక్తి ఇంకా తగ్గిపోతుంది. నిలబడి చేయలేనివారు కూర్చుని తొక్కే సైకిల్, పడుకుని చేసే కాలి వ్యాయామాలు, ఒకరి తోడు ఉంటే ఈత మొదలుపెట్టవచ్చు.

మందులు అవసరమైనప్పుడు

ఇవన్నీ చేసినా నిలబడలేని స్థితి కొనసాగితే వైద్యులు మందులు ఆలోచిస్తారు. ఫ్లుడ్రోకార్టిసోన్ మూత్రపిండాలలో ఉప్పును నిలిపి రక్తం పరిమాణాన్ని పెంచుతుంది. దీన్ని వాడేటప్పుడు పొటాషియం తగ్గుతుందేమో, కాళ్లకు నీరు చేరుతోందేమో చూస్తుండాలి. మిడోడ్రిన్ నాళాలను బిగిస్తుంది. దాని పని కొద్ది గంటలే కనుక లేచి తిరిగే వేళల్లోనే వేసుకోవాలి, చివరి మోతాదు పడుకోవడానికి కనీసం 4 గంటల ముందు పూర్తి కావాలి. ఈ నియమానికి గట్టి కారణమే ఉంది. నరాల బలహీనత ఉన్నవారిలో నిలబడినప్పుడు ఒత్తిడి పడిపోయినట్లే, పడుకున్నప్పుడు అది విపరీతంగా పెరిగే అవకాశం ఉంది. పగలు 85 ఉన్న పై అంకె రాత్రి 180 దాటవచ్చు. అందువల్ల ఈ మందులు వాడుతున్నవారు నిలబడి కొలిచిన అంకెతో పాటు, రాత్రి పడుకున్నాక కొలిచిన అంకెను కూడా రాసుకుని ప్రతిసారీ వైద్యునికి చూపించాలి, పగటిపూట విశ్రాంతి కావాలంటే పూర్తిగా వెల్లకిలా పడుకోకుండా వాలు కుర్చీలో తల ఎత్తుగా ఉంచుకుని తీసుకోవాలి.